ఈ కొస డబుల్ రోడ్డు, ఆ కొస సింగిల్ రోడ్డు

మార్చి నెలలో గుంటూరు నుంచి ఫోన్ వచ్చిందంటే మిర్చి పనిలో ఎక్కడో ఏదో ఆగిందని అర్థం. ఆ రోజు ఫోన్ చేసినాయన ఒక కోల్డ్ స్టోరేజీ యజమాని. ఇరవై ఏళ్ల పరిచయం. వయసులో నాకంటే చాలా పెద్ద. నేను బాబాయి గారూ అంటాను, ఆయన నన్ను ఏవయ్యా అంటారు.

"ఏవయ్యా, సర్వర్ మార్చాలంటున్నారు. రెండు లక్షల ఎనభై వేలకి కొటేషన్ ఇచ్చి వెళ్లారు. కొనమంటావా?"

"ఇప్పుడున్నదానికి ఏమైంది బాబాయి గారూ?"

"ఏమైందో తెలిస్తే నీకెందుకు ఫోన్ చేస్తాను? ఒక్క బాండు బయటికి రావటానికి పది నిమిషాలు పడుతోంది. గేటు బయట ట్రాక్టర్లు ఎక్కడిదాకా నిలబడ్డాయో వచ్చి చూడు. ఇంకో మాట. మన కంప్యూటర్ కుర్రాడున్నాడే, వాణ్ణి కూడా పంపించేద్దామనుకుంటున్నా. సర్వర్లో సినిమాలు ఎక్కిస్తున్నాడని అనుమానంగా ఉంది."

ఈ బాండు సంగతి తెలియనివాళ్లకు ఒక ముక్క. రైతు టిక్కీలు తెచ్చి కోల్డ్ స్టోరేజీలో దించుతాడు. కాటా వేస్తారు. ఎన్ని టిక్కీలు, ఎంత బరువు, ఏ గదిలో పెట్టారు, అన్నీ కంప్యూటర్లోకి ఎక్కుతాయి. చివర్న ఒక కాగితం ప్రింటై వస్తుంది. అదే బాండు. ఆ కాగితం చూపిస్తేనే సరుకు మీద అప్పు పుడుతుంది. అందుకని బాండు చేతికి రాకుండా రైతు కదలడు. రైతు కదలకపోతే ట్రాక్టరూ కదలదు. ఒక్క కంప్యూటర్ నెమ్మదించిందంటే ఎర్రటి ఎండలో రోడ్డు మీద అరవై మంది నిలబడిపోతారు.

మర్నాడు పొద్దున్నే వెళ్లాను. నిజంగానే ట్రాక్టర్లు రోడ్డు మలుపు దాటి ఉన్నాయి. ఆఫీసు కిటికీ దగ్గర ఒక పెద్దాయన లోపలికి తల పెట్టి, "అబ్బాయ్, రాత్రి నుంచీ ఇక్కడే ఉన్నానయ్యా, ఇంకెంతసేపు?" అని అడుగుతున్నాడు. లోపల ఆ కుర్రాడు తెర మీద తిరుగుతున్న చక్రాన్ని చూస్తూ కూర్చున్నాడు. నన్ను చూడగానే లేచి నిలబడ్డాడు.

"సార్, నేనేం చేయలేదు సార్. కావాలంటే మొత్తం వెతుక్కోండి."

అడగకుండానే అన్నాడంటే అప్పటికే ఎన్నిసార్లు ఎంతమంది అడిగారో అర్థమైంది. ఊళ్లోనే డిగ్రీ చదివి రెండేళ్ల కింద చేరాడు. వాళ్ల నాన్న యార్డులో హమాలీ. ఇంట్లో నెల జీతం అంటూ వచ్చేది ఈ ఒక్కడికే.

అప్పటికే జరగాల్సిన వైద్యాలన్నీ జరిగిపోయాయి. ఒకరొచ్చి యాంటీవైరస్ మార్చారు. ఇంకొకరు ర్యామ్ రెట్టింపు చేశారు. సాఫ్ట్‌వేర్ వాళ్లు రాత్రంతా కూర్చుని డేటాబేస్ ఇండెక్సులు తిరగరాశారు. ఏదీ పనిచేయలేదు. ఇక మిగిలింది సర్వర్ మార్చటం, కుర్రాణ్ణి మార్చటం.

నేను ముందు పింగ్ కొట్టాను. జవాబు టక్కున వస్తోంది. ఒక్కటి కూడా తప్పిపోలేదు. అందరూ ఇక్కడే మోసపోతారు. 'పింగ్ బాగుంది, నెట్‌వర్క్ బాగుంది, కాబట్టి సర్వర్‌దే తప్పు' అనేస్తారు.

తరవాత వంద ఎంబీ ఫైలు ఒకటి సర్వర్ నుంచి ఆఫీసు కంప్యూటర్‌కు కాపీ పెట్టాను. వంద మెగాబిట్ల లైను మీద అది పది సెకన్ల పని. ఐదు నిమిషాలైనా సగం కాలేదు. అదే ఫైలు ఆ కంప్యూటర్ నుంచి పక్క కంప్యూటర్‌కు పంపిస్తే పది సెకన్లలో వెళ్లింది. సర్వర్ దగ్గర కూర్చుని దాని లోపలే ఒక డిస్కు నుంచి ఇంకో డిస్కుకు కాపీ చేస్తే రెప్పపాటులో అయింది. ప్రాసెసర్ ఖాళీగా కూర్చుంది. డిస్కు లైటు వెలగటమే లేదు. అంటే సర్వర్ బాగుంది, ఆఫీసు కంప్యూటర్లు బాగున్నాయి. సర్వర్‌కూ స్విచ్‌కూ మధ్య ఉన్న మూడు గజాల వైరు దగ్గరే ఏదో ఉంది. వైరు మార్చి చూశాను. తేడా లేదు.

అది లైనక్స్ సర్వర్. ఎత్‌టూల్ అనే కమాండు కొట్టి పక్కన కార్డు పేరు ఇచ్చాను. తెర మీద మూడు లైన్లు చూశాను. స్పీడు వంద. ఆటో నెగోషియేషన్ ఆన్. డూప్లెక్స్ దగ్గర 'హాఫ్' అని ఉంది.

నాకు కడుపులో ఏదో కదిలింది. లెక్కలు చూశాను. లేట్ కొలిజన్లు వేలల్లో ఉన్నాయి. ఇక స్విచ్ లోపలికి వెళ్లి చూడాలి. దాని పాస్‌వర్డ్ ఆ ఆఫీసులో ఎవరికీ తెలియదు. నాకొక్కడికే తెలుసు, ఎందుకంటే ఆ స్విచ్ పెట్టింది నేనే. లాగిన్ అయ్యాను. సర్వర్ ఉన్న పోర్టు దగ్గర 'వంద, ఫుల్, ఆటో లేదు' అని ఉంది. అలా రాసింది కూడా నేనే.

ఇక్కడ కాసేపు కథ ఆపి, ఈ హాఫ్, ఫుల్ ఏమిటో చెప్పాలి.

మన పల్లెల్లో కాలవ మీద ఒకే బండి పట్టే వంతెనలుంటాయి కదా. ఇటు నుంచి వెళ్లేవాడు ముందు అటు చూస్తాడు. ఎవరూ రావటం లేదంటే ఎక్కుతాడు. ఇద్దరూ ఒకేసారి ఎక్కితే ఇద్దరూ వెనక్కి తీసుకుని, కాసేపాగి, మళ్లీ ప్రయత్నిస్తారు. అది హాఫ్ డూప్లెక్స్. డబుల్ రోడ్డు మీద ఆ గొడవ లేదు. వెళ్లేవాళ్లు వెళ్తుంటారు, వచ్చేవాళ్లు వస్తుంటారు. అది ఫుల్ డూప్లెక్స్.

రెండు కొసలూ సింగిల్ రోడ్డు అనుకుంటే నెమ్మదిగానైనా పని నడుస్తుంది. రెండూ డబుల్ రోడ్డు అనుకుంటే బ్రహ్మాండంగా నడుస్తుంది. చిక్కల్లా ఒక కొస డబుల్ అనుకుని, ఇంకో కొస సింగిల్ అనుకున్నప్పుడే. డబుల్ అనుకున్నవాడు ఆగడు, చూడడు, తోలుకుంటూ వచ్చేస్తాడు. సింగిల్ అనుకున్నవాడు ఎదురుగా బండి కనపడగానే 'అమ్మో, గుద్దుకున్నాం' అని సగం దారిలో సరుకు పారేసి వెనక్కి పోతాడు. అవతలికి చేరింది సగం తెగిపోయిన సరుకు. స్విచ్ దాన్ని చూసి చెడిపోయిందని చెత్తలో వేస్తుంది. స్విచ్ లెక్కల్లో సీఆర్‌సీ ఎర్రర్లుగా కనపడేవి ఇవే.

ప్యాకెట్ మొదటి అరవై నాలుగు బైట్లు వెళ్లేలోపు గుద్దుకుంటే కార్డే మళ్లీ పంపిస్తుంది. ఆ తరవాత గుద్దుకున్నదాన్ని లేట్ కొలిజన్ అంటారు. సరిగ్గా ఉన్న నెట్‌వర్క్‌లో అది రానే రాకూడదు. అందుకే కార్డు దాని బాధ్యత తీసుకోదు. పోయింది పోయినట్టే. పైనున్న సాఫ్ట్‌వేర్ ఎప్పటికో 'ఇంకా జవాబు రాలేదేమిటి' అని గమనించి మళ్లీ పంపాలి. బాండుకు పట్టిన పది నిమిషాల్లో ఎక్కువ భాగం ఇలా ఎదురుచూడటానికే పోయింది.

మరి పింగ్ ఎందుకు బాగుంది? పింగ్ అంటే చిన్న మోపెడ్ లాంటిది. ఒకటి వెళ్తుంది, దాని జవాబు తిరిగి వస్తుంది. ఒకే క్షణంలో రెండు వైపులా బండ్లు ఉండే అవకాశం చాలా తక్కువ. పెద్ద ఫైలు వెళ్లేటప్పుడు అలా కాదు. ఇటు సరుకు వెళ్తూనే ఉంటుంది, అటు నుంచి 'అందింది, అందింది' అనే రసీదులు వస్తూనే ఉంటాయి. ఆ రసీదులే వచ్చి గుద్దుకునేవి. అందుకే సీజన్ కాని రోజుల్లో, పొద్దుటి నుంచి నాలుగు బాండ్లు రాసే రోజుల్లో, ఈ జబ్బు బయటపడలేదు. మార్చిలో పడింది.

మీకొక అనుమానం రావాలి. సర్వర్ ఆటోలో ఉంది కదా, అది అవతలివాణ్ణి అడిగి తెలుసుకోవచ్చు కదా? అసలు కిటుకు ఇదే. ఆటో అంటే పెళ్లిచూపుల్లాంటిది. ఇటువాళ్లు తమ సంగతి చెప్పాలి, అటువాళ్లు తమ సంగతి చెప్పాలి. రెండు పక్కలా కుదిరినదాంట్లో మంచిది ఖాయం చేసుకుంటారు. నేను స్విచ్‌లో ఆటో తీసేసినప్పుడు అది మాట్లాడటం మానేసింది. సర్వర్ కార్డు ఎంత అడిగినా జవాబు లేదు. వైరు మీద వస్తున్న సిగ్నల్‌ని బట్టి వేగం వంద అని కార్డు కనిపెట్టగలదు. డూప్లెక్స్ మాత్రం సిగ్నల్ చూసి తెలుసుకోలేదు. తెలియనప్పుడు హాఫ్ అనుకోమని స్టాండర్డే చెబుతోంది. కార్డు నియమం ప్రకారమే నడిచింది. నియమం తప్పింది నేను.

అసలీ హాఫ్ ఎందుకుంది అంటే అది ఈథర్‌నెట్ పుట్టుకలోనే ఉంది. 1973లో జెరాక్స్ పరిశోధనా కేంద్రంలో రాబర్ట్ మెట్‌కాఫ్, డేవిడ్ బాగ్స్ దాన్ని మొదలుపెట్టినప్పుడు ఒకే కేబుల్‌ను అందరూ పంచుకునేవాళ్లు. విని, ఖాళీగా ఉంటేనే మాట్లాడాలి. ఆ మర్యాదే హాఫ్ డూప్లెక్స్‌గా మిగిలింది. 1995లో వంద మెగాబిట్ల స్టాండర్డుతో పాటు ఈ ఆటో కూడా వచ్చింది. 1997లో ఫుల్ డూప్లెక్స్ స్టాండర్డులోకి ఎక్కింది. కొత్తలో ఒక కంపెనీ కార్డుకూ ఇంకో కంపెనీ స్విచ్‌కూ పొసిగేది కాదు. ఆటోలో పెడితే ఒకటి చెబితే ఇంకొకటి అర్థం చేసుకునేవి. దాంతో మా తరం వాళ్లకు ఒక అలవాటు పట్టుకుంది. 'ఆటోని నమ్మొద్దు. చేత్తో ఫిక్స్ చేసిపారెయ్' అనేది మాకు వేదం. అలా చేసినవాడే మొనగాడు.

నేనూ ఆ మొనగాళ్లలో ఒకణ్ణి. నాలుగేళ్ల కింద ఇదే ఆఫీసులో పాత సర్వర్ కార్డుకూ ఈ స్విచ్‌కూ పడలేదు. ఆటోలో ఉంటే లింకు వచ్చి పోతుండేది. రెండు వైపులా వంద, ఫుల్ అని ఫిక్స్ చేశాను. బాగా నడిచింది. అందులో తప్పు లేదు, రెండు కొసలూ ఒకే మాట మీద ఉన్నాయి కాబట్టి. చేసిన తప్పల్లా ఆ సంగతి ఎక్కడా రాసిపెట్టకపోవటం. ఎవరికీ చెప్పకపోవటం. కిందటి వానాకాలం పిడుగు పడి సర్వర్ కార్డు కాలిపోయింది. కుర్రాడు హార్డ్‌వేర్ షాపు వాళ్లను పిలిచి కొత్త కార్డు వేయించాడు. కొత్త కార్డు అందరిలాగే ఆటోలో వచ్చింది. లైటు వెలిగింది, కంప్యూటర్లు కలిశాయి. బాగైందనుకున్నారు. ఆ అబ్బాయి వేయించిన కార్డు తరవాతే నెమ్మదించింది కాబట్టి అనుమానం అతని మీదికి పోయింది.

మందు ఒక్క నిమిషం పని. స్విచ్‌లో ఆ పోర్టును ఆటోకి మార్చాను. లింకు ఒక్కసారి పోయి వచ్చింది. సర్వర్లో మళ్లీ చూస్తే వంద, ఫుల్. అదే ఫైలు కాపీ పెట్టాను. పది సెకన్లు. బయట ప్రింటరు టకటకా మొదలుపెట్టింది. కిటికీ దగ్గరి పెద్దాయన బాండు తీసుకుని, దాన్ని రెండుసార్లు అటూ ఇటూ తిప్పి చూసుకుని, జేబులో పెట్టుకుని వెళ్లాడు.

ఇప్పుడొచ్చింది అసలు పరీక్ష. బాబాయి గారు గదిలోంచి వచ్చి, "ఏం మంత్రం వేశావయ్యా?" అన్నారు. ముఖం వెలిగిపోతోంది. 'ఏదో చిన్న సెట్టింగు లెండి' అని నవ్వేసి, ఫీజు జేబులో వేసుకుని వచ్చేయొచ్చు. ఎవరికీ తెలియదు. మా వృత్తిలో ఇలాంటి సందర్భాల్లో చాలామంది అదే చేస్తారు. నేనూ ఒకటి రెండుసార్లు చేశాను, దాచుకోవటం ఎందుకు. కానీ అలా అంటే అనుమానం ఆ అబ్బాయి మీదే ఉండిపోతుంది. ఇవాళ కాకపోతే ఇంకో వారానికి పంపించేస్తారు. కుర్రాడు తలుపు పక్కనే నిలబడి వింటున్నాడు.

"మంత్రం కాదు బాబాయి గారూ. నాలుగేళ్ల కింద నేను పెట్టిన సెట్టింగే ఇది. రాసిపెట్టలేదు, ఎవరికీ చెప్పలేదు. మీ సర్వర్ బాగానే ఉంది. ఈ అబ్బాయి చేసిందాంట్లో తప్పేమీ లేదు. తప్పు నాది."

ఆయన కాసేపు మాట్లాడలేదు. తరవాత, "అయితే పంపించేయాల్సింది నిన్నన్నమాట" అన్నారు. నవ్వుతూనే అన్నారు గానీ నాకు గట్టిగానే తగిలింది. కుర్రాడితో ఏమీ అనలేదు. ఆ తరం వాళ్లకు క్షమించమని నోరు తిరగదు. బయటికి కేకేసి, "మూడు టీలు పట్రండి" అన్నారు. రెండు కాదు, మూడు.

ఇక మీ ఆఫీసుల్లో, షాపుల్లో చూసుకోవాల్సినవి చెబుతాను.

పింగ్ బాగుండి పెద్ద ఫైలు పాకుతుంటే మొదట డూప్లెక్స్ చూడండి. లైనక్స్ అయితే ఎత్‌టూల్. విండోస్ అయితే డివైజ్ మేనేజర్లో నెట్‌వర్క్ కార్డు మీద కుడి క్లిక్ చేసి, ప్రాపర్టీస్‌లో అడ్వాన్స్‌డ్ అనే ట్యాబ్‌కు వెళ్తే స్పీడ్ అండ్ డూప్లెక్స్ అని ఉంటుంది. అక్కడ ఆటో ఉంటే ఉంచండి. ఒక కొస ఆటో, ఒక కొస ఫిక్స్ మాత్రం ఎప్పుడూ వద్దు. రెండూ ఆటో, లేదా రెండూ ఒకేలా ఫిక్స్. మూడో దారి లేదు.

గిగాబిట్ రాగి వైరు మీద ఆటో తీసేయాలన్న ఆలోచనే పెట్టుకోకండి. అక్కడ రెండు కొసల్లో ఎవరి గడియారం ప్రకారం నడవాలో కూడా ఆ మాటల్లోనే తేల్చుకుంటాయి. ఆటో లేకుండా అది నడవటానికే తయారవలేదు. రెండు వైపులా గిగాబిట్ ఉండి కూడా వందే చూపిస్తుంటే సెట్టింగుల జోలికి పోకుండా కేబుల్ చూడండి. గిగాబిట్‌కు నాలుగు జతల తీగలూ కావాలి, వందకు రెండు జతలు చాలు. ఎలుక ఒక్క తీగ కొరికినా గిగాబిట్ పోయి వంద మిగలొచ్చు.

'ఇప్పుడంతా గిగాబిట్టే కదా, ఈ పాత రోగం ఎక్కడుంది?' అంటారేమో. పాత స్విచ్‌లున్నాయి. ఫైబర్‌ని రాగి వైరులోకి మార్చే చిన్న డబ్బాలున్నాయి. లీజు లైను ఇచ్చేవాళ్లు తమ వైపు ఫిక్స్ చేసి, మనకు చెప్పకుండా వెళ్లిపోయిన చోట్లున్నాయి. పరికరాలు ఉన్నన్నాళ్లూ రోగం ఉంటుంది.

ఒక జాగ్రత్త. దూరం నుంచి లాగిన్ అయ్యి సర్వర్ కార్డు సెట్టింగు మార్చొద్దు. తప్పు కొట్టారంటే మీరెక్కిన కొమ్మను మీరే నరుక్కున్నట్టు. సర్వర్ ముందు కూర్చునే మార్చండి. ఎత్‌టూల్‌తో మార్చింది రీబూట్ చేయగానే పోతుందని కూడా గుర్తుంచుకోండి. అది నిలవాలంటే నెట్‌వర్క్ కాన్ఫిగరేషన్లో రాయాలి.

ఆ రోజు ఫీజు తీసుకోలేదు. బయల్దేరుతుంటే కుర్రాడు గేటు దాకా వచ్చాడు. థాంక్స్ చెబుతాడనుకున్నాను.

"సార్, ఆ స్విచ్ పాస్‌వర్డ్ నాకు కూడా ఇస్తారా?" అన్నాడు.

వెనక్కి వెళ్లాను. పాస్‌వర్డ్ ఒక కవర్లో పెట్టి బాబాయి గారి బీరువాలో వేయించాను. అబ్బాయి డైరీలో కూడా రాశాను. తరవాత ఒక తెల్ల కాగితం తీసుకుని, ఏ పోర్టుకు ఏ మిషన్, ఏ సెట్టింగు, ఏ తేదీన, ఎందుకు మార్చానో పెద్ద అక్షరాలతో తెలుగులోనే రాసి స్విచ్ పక్కన గోడకు అంటించాను. నాలుగేళ్ల కిందే అంటించాల్సిన కాగితం అది.